రూపాయి చిన్నదా, డాలరు పెద్దదా?

పిల్లలూ, నేను మస్కట్ వచ్చి రెండేళ్ళు దాటింది. ప్రతి శుక్రవారం పొద్దున మా ఇంట్లో ఏడుగురు పిల్లలకి తెలుగు చెప్తాను. ఒక శుక్రవారం ఐదో తరగతి బాబు ఒకడు మొహం ముడుచుకుని కూర్చున్నాడు. పలక తీయలేదు, పుస్తకం తీయలేదు.

"ఏమైంది నాన్నా?" అని అడిగాను.

స్కూల్లో ఎవరో వాడితో, "మా ఒక్క రియాల్ ఇస్తే మీ రూపాయలు రెండొందలకి పైనే వస్తాయి. మీ డబ్బు చాలా చిన్నది" అన్నారట.

"ఆంటీ, మన రూపాయి నిజంగా అంత వీకా?" అన్నాడు వాడు.

"కాదు" అని వెంటనే చెప్పేద్దాం అనిపించింది. కానీ తెలియకుండా చెప్పకూడదు కదా! "వచ్చే వారం చెప్తాను" అన్నాను. ఆ వారమంతా చదివి రాసుకున్నదే ఈ పాఠం. మీరు డాలస్‌లో ఉన్నా, దోహాలో ఉన్నా, కౌలాలంపూర్‌లో ఉన్నా ఈ ప్రశ్న మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. అందుకని అందరి కోసం రాస్తున్నాను.

1. అంకె వేరు, బలం వేరు

ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ఎత్తు 140 సెంటీమీటర్లు అనుకోండి. మీ అన్నయ్య ఎత్తు 1.6 మీటర్లు. 140 పెద్ద అంకె, 1.6 చిన్న అంకె. మరి మీరు అన్నయ్య కంటే పొడుగా? కాదు కదా! కొలిచే ముక్క చిన్నదైతే అంకె పెద్దగా వస్తుంది. అంతే.

డబ్బు కూడా అలాంటిదే. ఒక డాలరుకి 100కి పైగా జపాన్ యెన్‌లు వస్తాయి. అంటే జపాన్ పేద దేశమా? కానే కాదు. ప్రపంచంలో ఎక్కువగా చేతులు మారే డబ్బుల్లో డాలరు, యూరో తర్వాత వచ్చేది యెన్. ఇటు కువైట్ దినార్ చూడండి. ఒక దినార్‌కి 3 డాలర్ల కంటే ఎక్కువ వస్తాయి. ప్రపంచంలో అన్నిటికంటే ఖరీదైన డబ్బు అదే. అయినా బ్రెజిల్ వాళ్ళు చైనాకి సోయా గింజలు అమ్మేటప్పుడు కువైట్ దినార్లు అడగరు.

కాబట్టి ఆ స్కూలు పిల్లాడి మాట సగం తప్పు. ఒక రియాల్‌కి ఎన్ని రూపాయలు అన్నదాన్ని బట్టి దేశం బలం తేలదు.

మరి మిగతా సగం? అక్కడికే వస్తున్నాను.

2. అందరూ ఒప్పుకునే డబ్బు

మీ స్కూల్లో ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఒక ఈజిప్ట్ అబ్బాయి, మీరు కలిసి ఆడుకుంటున్నారు అనుకోండి. ఏ భాషలో మాట్లాడుకుంటారు? ఇంగ్లీషులో. అది మీ ముగ్గురిలో ఎవరి అమ్మ భాషా కాదు. అయినా ముగ్గురికీ వచ్చు కాబట్టి అదే వాడతారు. కొత్తగా ఇంకో పిల్లాడు వస్తే వాడూ ఇంగ్లీషే మాట్లాడతాడు. ఎక్కువమంది మాట్లాడే కొద్దీ ఆ భాష అవసరం పెరుగుతుంది.

దేశాల మధ్య వ్యాపారంలో డాలరు అలాంటి భాష అన్నమాట. దానికి మూడు పనులు ఉన్నాయి.

మొదటిది, ధర చెప్పడం. ముడి చమురు, గోధుమలు, రాగి లాంటి వాటి ధర ప్రపంచమంతా ఎక్కువగా డాలర్లలోనే చెప్తారు.

రెండోది, చెల్లించడం. ప్రపంచంలో ఒక దేశం డబ్బు ఇచ్చి ఇంకో దేశం డబ్బు కొనే బేరాలు రోజూ కోట్ల కోట్లలో జరుగుతాయి. 2022 లెక్క ప్రకారం అలాంటి ప్రతి 100 బేరాల్లో దాదాపు 88 బేరాల్లో ఒక పక్క డాలరు ఉంది.

మూడోది, దాచుకోవడం. అమ్మమ్మ పోపుల డబ్బాలో కొంత డబ్బు దాచేది చూశారా? దేశాలూ కష్టకాలం కోసం అలాగే దాచుకుంటాయి. దీన్ని విదేశీ మారక నిల్వ అంటారు. ప్రపంచ దేశాలన్నీ దాచుకున్న దాంట్లో సగం కంటే ఎక్కువ ఇప్పటికీ డాలర్లే.

ఈ మూడు పనులూ చేసే డబ్బు ఏ దేశానిదైతే, ఆ దేశానికి చాలా లాభం. అమెరికాకి వేరే దేశాల్లో సరుకు కొనడానికి వేరే డబ్బు వెతుక్కోనక్కర్లేదు. తన డబ్బుతోనే కొనుక్కుంటుంది, తన డబ్బులోనే అప్పు తీసుకుంటుంది. అందుకే ఈ స్థానం కోసం దేశాల మధ్య పోటీ.

3. చనిపోయిన మహారాణి నాణెం

డాలరు ఎప్పుడూ రాజు కాదు. పూర్వం వేరే డబ్బులు ఉండేవి. వాటిలో ఒకటి నాకు భలే నచ్చింది.

ఆస్ట్రియా దేశాన్ని మరియా థెరీసా అనే మహారాణి పాలించింది. ఆవిడ 1780లో చనిపోయింది. ఆవిడ బొమ్మ ఉన్న పెద్ద వెండి నాణెం పేరు థేలర్. ఈ నాణెం ఎర్ర సముద్రం దాటి ఇథియోపియా, యెమెన్, ఒమన్ దాకా వచ్చింది. ఇక్కడి వాళ్ళకి అది ఎంత నచ్చిందంటే, ఆవిడ పోయాక కూడా అదే బొమ్మతో, అదే 1780 సంవత్సరంతో నాణేలు కొడుతూనే ఉన్నారు. తేదీ మారిస్తే జనం నమ్మరని భయం! ఒమన్ లోపలి ఊళ్ళలో ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఈ నాణేలతో ఖర్జూరాలు, మేకలు కొన్నారు.

ఆస్ట్రియా ఎక్కడ, ఒమన్ ఎక్కడ! వెండి బరువు ఎప్పుడూ మారదు అన్న నమ్మకమే ఆ నాణేన్ని ఇంత దూరం తెచ్చింది. "నమ్మకం" అన్న మాట గుర్తు పెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

4. పౌండు దిగింది, డాలరు ఎక్కింది

సుమారు వందేళ్ళ పాటు ప్రపంచ వ్యాపారంలో పెద్ద డబ్బు బ్రిటన్ పౌండు. ఓడలు బ్రిటన్‌వి, బ్యాంకులు లండన్‌లో, మన దేశంతో సహా చాలా దేశాలు బ్రిటన్ పాలనలో. తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చాయి. యుద్ధానికి బ్రిటన్ అప్పులు చేసింది. రెండో యుద్ధం ముగిసేసరికి తాను పాలిస్తున్న భారతదేశానికే 100 కోట్ల పౌండ్లకి పైగా బాకీ పడింది! అమెరికా దగ్గరేమో బంగారం గుట్టలుగా చేరింది.

1944 జూలైలో అమెరికాలోని బ్రెటన్ వుడ్స్ అనే కొండ ఊళ్ళో, ఒక పెద్ద హోటల్లో 44 దేశాల వాళ్ళు మూడు వారాలు కూర్చున్నారు. యుద్ధం అయ్యాక ప్రపంచం ఏ డబ్బుతో నడవాలి అన్నది చర్చ. మన దేశం నుంచి కూడా వెళ్ళారు. అప్పటి రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ సి.డి. దేశ్‌ముఖ్ వాళ్ళలో ఒకరు.

బ్రిటన్ తరఫున వచ్చిన కీన్స్ అనే ఆర్థికవేత్తకి అంతకుముందు నుంచే ఒక ఆలోచన ఉండేది. ఏ ఒక్క దేశానిదీ కాని కొత్త డబ్బు పెడదాం, దాని పేరు బాంకోర్ అని. అమెరికా తరఫున వైట్ అనే ఆయన ప్రణాళిక వేరు. చివరికి అమెరికా మాటే నెగ్గింది. 35 డాలర్లు ఇస్తే అమెరికా ఒక ఔన్సు బంగారం ఇస్తుంది, మిగతా దేశాలు తమ డబ్బు విలువని డాలరుకి కట్టుకుంటాయి అని ఒప్పందం. డాలరు బంగారంతో సమానం అయిపోయింది.

ఆ మాట 27 ఏళ్ళు నిలిచింది. 1971 ఆగస్టు 15న అమెరికా అధ్యక్షుడు నిక్సన్, "ఇకమీద డాలర్లకి బంగారం ఇవ్వం" అని ప్రకటించాడు. మన స్వాతంత్ర్య దినం రోజే, చూశారా! బంగారం లేకపోతే డాలరు పడిపోవాలి కదా? విలువ తగ్గింది కానీ స్థానం పోలేదు. అప్పటికే అందరూ ఆ "భాష" నేర్చేసుకున్నారు. చమురు డాలర్లలోనే అమ్మారు. అందరి దగ్గరా డాలర్లే ఉన్నాయి.

5. గల్ఫ్‌లో మన రూపాయి

ఇప్పుడు నేను ఆ బాబుకి చెప్పాలనుకున్న అసలు కథ.

మస్కట్ వచ్చిన మొదటి వారం కూరగాయల కొట్టులో చిల్లర ఇచ్చారు. ఇక్కడ ఒక రియాల్‌కి 1000 బైసాలు. "బైసా ఏంటి, మన పైసాలా ఉందే!" అని మా వారితో అని నవ్వాను. అది నిజంగా మన పైసాయే! అరబీలో "ప" శబ్దం లేదు కాబట్టి "బ" అయింది.

ఎందుకంటే ఒకప్పుడు ఇక్కడ నడిచింది మన రూపాయే. ఒమన్, కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్... అన్ని చోట్లా భారత రూపాయితోనే సరుకులు కొన్నారు. ముత్యాలు బొంబాయికి వెళ్ళేవి, బియ్యం, బట్టలు అక్కడి నుంచి వచ్చేవి. తూర్పు ఆఫ్రికాలో కూడా 1920 దాకా రూపాయి నడిచింది. మారిషస్‌లో ఉన్న పిల్లలూ, మీ డబ్బు పేరు ఈ రోజుకీ రూపాయే కదా! ఆ పేరు అలా సముద్రాలు దాటింది.

మరి ఇప్పుడు ఎందుకు లేదు? రెండు కారణాలు.

ఒకటి, బంగారం దొంగ వ్యాపారం. బంగారం గల్ఫ్‌లో చవక, మన దేశంలో ఖరీదు. కొందరు దాన్ని పడవల్లో దొంగచాటుగా మన తీరానికి తెచ్చి రూపాయలకి అమ్మేవాళ్ళు. ఆ రూపాయలు మళ్ళీ గల్ఫ్ చేరేవి. అక్కడి నుంచి అవి మన రిజర్వ్ బ్యాంకుకే తిరిగి వచ్చి, "వీటికి పౌండ్లు ఇవ్వండి" అని అడిగేవి. ఇవ్వక తప్పదు. మన దేశం దాచుకున్న పౌండ్లు అలా కరిగిపోయాయి. దాన్ని ఆపడానికి 1959లో గల్ఫ్ కోసం వేరే నోట్లు అచ్చు వేశారు. నోటు చూడటానికి మన నోటులాగే ఉంటుంది కానీ రంగు వేరు, నెంబరు ముందు జడ్ అనే అక్షరం. ఆ నోటు గల్ఫ్‌లో చెల్లుతుంది, మన దేశంలో చెల్లదు.

రెండోది ఇంకా పెద్దది. 1962లో చైనాతో, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధాలు. ఆపైన కరువు. మన దేశం దగ్గర తిండి గింజలు కొనడానికి కూడా డాలర్లు చాలలేదు. 1966 జూన్ 6న ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించింది. అంతకుముందు డాలరుకి 4 రూపాయల 76 పైసలు. ఆ రోజు నుంచి 7 రూపాయల 50 పైసలు.

ఇప్పుడు మస్కట్ బజారులో ఒక కొట్టు యజమాని ఉన్నాడనుకోండి. పెట్టెలో 4,760 రూపాయలు దాచుకున్నాడు. జూన్ 5న పడుకునేటప్పుడు అవి 1000 డాలర్లతో సమానం. మర్నాడు అవే నోట్లు సుమారు 635 డాలర్లు. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు, ఏమీ ఖర్చు పెట్టలేదు. ఎక్కడో ఢిల్లీలో తీసుకున్న నిర్ణయానికి ఆయన పెట్టెలో మూడో వంతు పోయింది. ఆయన మళ్ళీ రూపాయల్లో దాచుకుంటాడా?

కువైట్ 1961లోనే, బహ్రెయిన్ 1965లో సొంత దినార్లు తెచ్చుకున్నాయి. 1966 దెబ్బతో ఖతార్, దుబాయ్ కూడా రూపాయిని వదిలేశాయి. అన్నిటికంటే ఆఖరున, 1970లో, ఒమన్ వదిలేసింది. పైసా పేరు మాత్రం బైసాగా మిగిలింది.

అప్పుడు మన దేశం చేసింది తప్పా అంటే, కరువులో ఉన్న ఇంట్లో నగలు తాకట్టు పెట్టడం లాంటిది అది. ముందు ఇంట్లో వాళ్ళు తినాలి. కానీ పక్కింటి వాళ్ళ నమ్మకం మాత్రం పోయింది. నమ్మకం రావడానికి ఏళ్ళు పడుతుంది, పోవడానికి ఒక రాత్రి చాలు.

6. ఇప్పటి పోటీ

ఇప్పుడు డాలరుతో పోటీ పడేవి ఏవి?

యూరో 1999లో పుట్టింది. 2002లో 12 దేశాలు తమ పాత నోట్లు పక్కన పెట్టి ఒకే నోటు వాడటం మొదలుపెట్టాయి. దేశాలు దాచుకునే డబ్బులో రెండో స్థానం దీనిదే, 100లో సుమారు 20. కానీ యూరో వెనక ఒక ప్రభుత్వం లేదు, చాలా ప్రభుత్వాలు ఉన్నాయి. అందరూ ఒక మాట మీదికి రావడం కష్టం.

చైనా యువాన్ వెనక చాలా పెద్ద వ్యాపారం ఉంది. 2016లో అంతర్జాతీయ ద్రవ్య నిధి దాన్ని తన ముఖ్యమైన డబ్బుల జాబితాలో చేర్చింది. కానీ చైనా తన దేశంలోకి వచ్చే డబ్బుకీ, బయటికి పోయే డబ్బుకీ గట్టి కాపలా పెడుతుంది. లోపలికి వెళ్ళడం తేలికై, బయటికి రావడం కష్టమైన ఇంట్లో ఎవరు సామాను దాచుకుంటారు?

డాలరు మీద కూడా అనుమానాలు ఉన్నాయి. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక, రష్యా దాచుకున్న డాలర్లు, యూరోలు వాడుకోకుండా అమెరికా, యూరప్ ఆపేశాయి. అది చూసి, "రేపు మనకీ ఇలా జరిగితే?" అని కొన్ని దేశాలు ఆలోచనలో పడ్డాయి. బంగారం ఎక్కువ కొంటున్నాయి. 2000 ప్రాంతంలో దేశాల నిల్వల్లో 100కి 70 డాలర్లే. ఇప్పుడు 60 కంటే తక్కువ. తగ్గింది, కానీ రెండో వాళ్ళు ఇంకా చాలా వెనక ఉన్నారు.

మన రూపాయి? 2022 జూలైలో రిజర్వ్ బ్యాంక్ వేరే దేశాలతో రూపాయల్లోనే వ్యాపారం చేసే దారి తెరిచింది. 2023 జూలైలో యు.ఏ.ఈ.తో రూపాయి, దిర్హమ్‌లలో చెల్లింపులకి ఒప్పందం జరిగింది. భూటాన్‌లో ఈ రోజుకీ మన రూపాయి చెల్లుతుంది. ఇవి చిన్న అడుగులే. 1970లో గల్ఫ్ నుంచి వెళ్ళిపోయిన రూపాయి మళ్ళీ ఆ గుమ్మం దాకా వచ్చి తలుపు తట్టింది, అంతవరకు నిజం.

7. ఇది మన ఇంటి లెక్క కూడా

"ఇదంతా పెద్దవాళ్ళ గొడవ, మాకెందుకు?" అనకండి. ఒమన్ తన రియాల్‌ని డాలరుకి కట్టేసింది. 1986 నుంచి ఒక రియాల్ అంటే సుమారు 2.6 డాలర్లు. కాబట్టి రూపాయి, డాలరు మధ్య ఏం జరిగినా మా ఇంట్లో తెలుస్తుంది.

డాలరు 80 రూపాయలైతే 100 రియాల్‌కి 20,800 రూపాయలు. డాలరు 85 అయితే 22,100. అంటే 1,300 తేడా. అందుకే నెల మొదట్లో రూవీలో డబ్బు పంపే కొట్ల ముందు జనం అద్దం మీద అంకెలు చూస్తూ నిలబడతారు. రూపాయి పడితే పంపేవాళ్ళకి సంతోషం.

కానీ అదే రోజు కోనసీమ నుంచి మా అత్తగారు ఫోన్ చేసి, "నూనె ధర మళ్ళీ పెరిగిందమ్మా" అంటారు. మన దేశం వాడే ముడి చమురులో ఎక్కువ భాగం, వంటకి వాడే పామాయిల్‌లో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచే వస్తాయి. వాటికి డాలర్లు కట్టాలి. రూపాయి పడితే అవి ఖరీదవుతాయి. గల్ఫ్‌లో ఎవరూ లేని ఇంటికి ఆ 1,300 రావు, నూనె ఖర్చు మాత్రం పెరుగుతుంది. అందుకే రూపాయి పడినప్పుడు నేను లెక్క చూసి నవ్వుకోను.

తర్వాత శుక్రవారం ఆ బాబుకి ఇదంతా చెప్పాను. అంతా విని, జేబులోంచి 100 బైసాల నోటు తీసి దాని వంక కాసేపు చూశాడు. "అయితే ఆంటీ, దీని పేరు మనదేనా?" అన్నాడు.

"పేరు మనదే నాన్నా" అన్నాను.

"రేపు స్కూల్లో చెప్తాను" అని పుస్తకం తీశాడు.

కొత్త పదాలు

మారకం – ఒక డబ్బు ఇచ్చి ఇంకో డబ్బు తీసుకోవడం
నిల్వ – దాచి ఉంచినది
బాకీ – తిరిగి ఇవ్వాల్సిన అప్పు
చెల్లుతుంది – కొట్లో తీసుకుంటారు, పనికి వస్తుంది
తాకట్టు – వస్తువు ఇచ్చి అప్పు తీసుకోవడం
దొంగచాటుగా – ఎవరికీ తెలియకుండా
చిల్లర – చిన్న నాణేలు, చిన్న నోట్లు

జవాబులు రాయండి

1. ఒక డాలరుకి 100కి పైగా యెన్‌లు వస్తాయి. అయినా జపాన్ డబ్బు బలమైనదే అని ఎందుకు అంటాం?
2. మహారాణి చనిపోయాక కూడా నాణేల మీద 1780 అనే ఎందుకు వేశారు?
3. 1959లో గల్ఫ్ కోసం వేరే రూపాయి నోట్లు ఎందుకు అచ్చు వేశారు?
4. డాలరు 90 రూపాయలైతే 50 రియాల్‌కి ఎన్ని రూపాయలు వస్తాయి? (ఒక రియాల్ = 2.6 డాలర్లు)
5. రూపాయి విలువ పడితే ఎవరికి లాభం, ఎవరికి నష్టం? రెండేసి వాక్యాలు రాయండి.

ఇంట్లో చేయండి

మీ తాతయ్యకో, అమ్మమ్మకో, నాయనమ్మకో ఫోన్ చేయండి. "మీ చిన్నప్పుడు ఒక రూపాయికి ఏమేమి వచ్చేవి?" అని తెలుగులో అడగండి. వాళ్ళు చెప్పింది ఐదు వాక్యాల్లో రాసుకుని, వచ్చే క్లాసులో చదివి వినిపించండి. అణా, బేడ, కాణీ లాంటి మాటలు వస్తే వాటి అర్థం కూడా అడిగి రాయండి.